అడగడమా, ఆపెయ్యడమా?

సీపీయూ టేబుల్ కింద. వంగలేని వాళ్ల కోసం పవర్ బటన్‌ని పైకి తెచ్చుకోవడం పెద్ద పనేం కాదు: మదర్‌బోర్డు మీద రెండు పిన్నులు, రెండు వైర్లు, ఒక పుష్ బటన్.

అయితే ఆ బటన్ కరెంటుని తెంచదు. 1995లో ఏటీఎక్స్ రాకముందు స్విచ్ నేరుగా మెయిన్స్‌నే ఆపేసేది. ఇప్పుడది ఒక విన్నపం మాత్రమే. సిస్టమ్ తన పనులు సర్దుకుని తానే ఆగుతుంది. వినకపోతే సుమారు 4 సెకన్లు నొక్కిపట్టాలి. అప్పుడది ఆజ్ఞ, సేవ్ చెయ్యనిదంతా పోతుంది.

హ్యాంగ్ అయినప్పుడు ఆజ్ఞ తప్పదు, నిజమే. కానీ ఇంట్లో, ఆఫీసులో మనం మనుషుల్ని మొదటే నొక్కిపట్టేస్తాం. చెయ్యి చాపితే అందే అధికారానికి ఓపిక తక్కువ. ఎదుటివాళ్లు నిజంగా వినడం లేదా, లేక సర్దుకుంటున్నారా? ఆ తేడా కనిపెట్టేదాకా వేలు తీసి ఉంచడమే మర్యాద.