జీవితకాలం ఎవరిది?

2006లో మా అత్తగారికి 999 రూపాయలు పెట్టి ‘లైఫ్‌టైమ్’ కార్డు కొన్నాం. ఆ రోజుల్లో కంపెనీలన్నీ అదే పాట. నెలనెలా కట్టకపోయినా వచ్చే కాల్సు వస్తూనే ఉంటాయన్నారు. “జీవితకాలం ఎవరిదే అమ్మాయ్, నాదా, వాళ్లదా?” అన్నారావిడ. మేం నవ్వేశాం.

2018 చివర్లో 28 రోజులకోసారి కనీసం 35 రూపాయలు వేయించాల్సిందేనన్నారు. లేకపోతే వచ్చే కాల్సూ బందే! అత్తగారు నిక్షేపంగానే ఉన్నారు. జీవితకాలమే ముందు పోయింది.

ధర పెంచడం తప్పని నేననను. మా పాలావిడా పెంచుతుంది. “తవుడు మండిపోతోందండీ అమ్మగారూ, వచ్చే నెల్నుంచి రెండ్రూపాయలు ఎక్కువండి, ఆయ్” అని గుమ్మంలో నిలబడి, మొహమాటపడుతూ చెబుతుంది. నేను సణుగుతాను. పోసిన పాలకు మాత్రం పాత లెక్కే. మా కోనసీమలో మక్తా పెంచాలన్నా కోతలయ్యాకే మాట. చేను పొట్ట మీదుండగా గట్టెక్కి ఇంకో నాలుగు బస్తాలంటే ఊరు ఊరుకుంటుందా?

2024 జూలైలో మళ్లీ పెంచారు. జియోలో 239 ఉన్నది 299 అయింది. ముందే వేయించుకున్నవాళ్లకు గడువుదాకా పాత ధరే నడిచింది. ఆ మేరకు మాట దక్కింది. గడువేమో 28 రోజులు, అంటే ఏడాదికి పదమూడు నెలలు! పంచాంగంలో అధికమాసం రెండుమూడేళ్లకోసారి, వీళ్లకు ఏటా.

“చిన్నక్షరాల్లో షరతులుంటాయమ్మా” అంటాడు మావాడు. ఉంటాయేమో. కళ్లజోడుకీ అందని అక్షరాలతో చెప్పింది, చెప్పినట్టేనా?

అత్తగారికా గొడవ లేదు. నాలుగో వారం రాగానే పిలుస్తారు: “అమ్మాయ్, నా జీవితకాలం అయిపోవచ్చింది. వేయించు.”