సముద్రతీరమున ఏడు దినములు

ధ్యానభాగము: అపొస్తలుల కార్యములు 21:3–6



అపొస్తలుడైన పౌలు యెరూషలేమునకు పోవుచుండగా అతడెక్కిన ఓడ తూరు రేవున నిలిచెను. సరకు దింపువరకు ప్రయాణికులు ఆగవలసియుండెను. అప్పుడు పౌలును అతనితోకూడ నున్నవారును ఆ ఊరి విశ్వాసులు ఎక్కడనున్నారో వెదకి తెలిసికొని, వారియొద్ద ఏడు దినములు గడపిరి. ఆ దినములలో పౌలు ఏమి ప్రసంగించెనో లూకా చెప్పలేదు. ఏ రోగి బాగుపడెనో చెప్పలేదు. ఆ విశ్వాసులు ముందున్న అపాయమును ఆత్మవలన గ్రహించి, పోవద్దని పౌలుతో చెప్పిరనియు, సెలవు పుచ్చుకొను దినమున భార్యాబిడ్డలతో ఊరి వెలుపలికి వచ్చి, ఒడ్డున ఇసుకలో మోకరించి అతనితోకూడ ప్రార్థించిరనియు మాత్రమే వ్రాసెను.

ఆ ఓడ దింపిన సరకేమో, దాని వెల యెంతో నేడు ఎవరికిని తెలియదు. ఇసుకలో మోకరించిన కుటుంబముల సంగతి మాత్రము నేటికిని మన సంఘములలో చదువబడుచున్నది. దేవుడు దేనిని లెక్కలో వ్రాసికొనునో ఇందువలన గ్రహింతుము.

మనము సాధారణముగా పనినిబట్టి మనుష్యుని లెక్కింతుము. ఉద్యోగము ముగిసి పింఛను కాగితములు చేతికి వచ్చిన నాడు, ఇక మనవలన ఏమి ప్రయోజనమని ఉపాధ్యాయుడు అనుకొనును. నాట్లకు వంగలేని దినము వచ్చినప్పుడు మన పల్లెలోని తల్లియు అట్లే అనుకొనును. బిడ్డలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉందురు. ఇంటిలో ఇద్దరు ముసలివారును, ఒక గడియారమును మిగులుదురు. అట్టివారికి ఈ తూరు వృత్తాంతము గొప్ప ఆదరణ.

మేమిద్దరమును బడిలో పాఠములు చెప్పి విశ్రాంతి పొందినవారము. మొన్నటి మే నెలలో తెనాలిలో రైలెక్కి, వేమూరు, భట్టిప్రోలు దాటి రేపల్లెలో దిగి, అక్కడనుండి బస్సులో నిజాంపట్నము వైపున సముద్రమునకు దగ్గరనున్న ఒక పల్లెకు పోతిమి. పూర్వము మాతో ఒకే బడిలో పనిచేసిన దంపతులు అక్కడ నివసించుచున్నారు. వారి యింట మేమును ఏడు దినములుంటిమి. తాటిముంజలు, మామిడిపండ్లు, ఎండుచేపల పులుసు, సాయంకాలము సరుగుడు తోటలమీదుగా వీచు చల్లని గాలి — వీటన్నిటికొరకు దేవుని స్తుతించితిమి.

నిజాంపట్నము పాత రేవు. 1611లో ఇంగ్లీషు వర్తకుల గ్లోబ్ అను ఓడ మన తీరమునకు వచ్చినప్పుడు ఇక్కడ ఆగినది. నేడు అక్కడ చేపల రేవున్నది. మేము పోయినప్పుడు మాత్రము రేవు నిశ్శబ్దముగానుండెను. ఏటేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మన తూర్పుతీరమున యంత్రపు పడవలు వేటకు పోరాదని ప్రభుత్వపు కట్టడ. చేపలు గ్రుడ్లుపెట్టి వృద్ధిపొందుటకై ఆ కాలమును విడిచిపెట్టుదురు.

పడవలు వరుసగా కట్టివేయబడియుండెను గాని, మనుష్యులు ఊరక యుండలేదు. కొందరు పడవలకు రంగు వేయుచుండిరి. చెట్ల నీడను కూర్చుండి కొందరు వలలు బాగుచేయుచుండిరి. వారిలో ఒక వృద్ధుడు చూపు మందగించి వేటకు పోవుట మానినవాడు. అయినను చిరుగు ఎక్కడనున్నదో వ్రేళ్లతో తడిమి తెలిసికొని ముడివేయుచుండెను. పడుచువారు తమ వలలను తెచ్చి ఆయన యొద్ద పెట్టిపోవుచుండిరి. జెబెదయి కుమారులను ప్రభువు పిలిచిన గడియను జ్ఞాపకము చేసికొనుడి. వారప్పుడు వేటలో లేరు. దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుచుండిరి (మార్కు 1:19). ఒడ్డుననున్న పడవ పారవేయబడిన పడవ కాదు. వేట నిలిచిన కాలము పని లేని కాలము కాదు. చిరిగినదానిని చక్కపరచుటకు దేవుడిచ్చిన కాలమది.

మా స్నేహితుని కుమారుడు పట్టణమునకు వచ్చివేయుమని తండ్రిని పలుమార్లు బ్రతిమాలుచున్నాడు. మేమును, “మా యింటి ప్రక్కనే అద్దె యిల్లున్నది, తెనాలి వచ్చేయండి. ఈ వయస్సులో సముద్రము ప్రక్కన ఎందుకు?” అని అంటిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. ఆయన ఎందుకు మౌనముగానుండెనో మేమెరుగుదుము. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో ఆయన తల్లియు చెల్లెలును కొట్టుకొనిపోయిరి. ఆ తుపానులో దివిసీమ మొదలుకొని ఈ తీరమంతట 10,000 మందికి పైగా మరణించిరి. బాపట్లలో ఒక దేవాలయమున తలదాచుకొన్నవారిలో అనేకులు ఆ కట్టడము కూలి చనిపోయిరి. మన సంఘములలోని వృద్ధులు ఆ రాత్రిని మరువలేదు.

తరువాత ఆయన మెల్లగా ఇట్లనెను: “అన్నగారూ, ఆ రాత్రి మా అమ్మ తలుపు తట్టి లెమ్మని చెప్పినవారు ఎవరూ లేరు. ఇప్పుడు కబురు ముందే వస్తుంది. కాని చెవులు వినపడని ముసలివాళ్లకు, మంచం దిగలేనివాళ్లకు ఎవరు చెప్పాలి? నేను తెనాలి వచ్చేస్తే వాళ్ల తలుపు ఎవరు తడతారు?”

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరనే తీరము దాటినది. దానికి ముందటి దినమున ఆయన చేతికఱ్ఱ పట్టుకొని ఇంటింటికి పోయి వృద్ధులను ఒక్కొక్కరినే బడి భవనమునకు చేర్చెను. ఆయన భార్య అక్కడ పొయ్యి వెలిగించి అందరికి గంజి కాచెను. వచ్చినవారిలో మన సంఘస్థులు కొందరే. గంజి పోయునప్పుడు ఆమె ఎవరి మతమును అడుగలేదు. ఈ సంగతి మాకు వారు చెప్పలేదు, పొరుగువారు చెప్పిరి.

ప్రియులారా, తూరు విశ్వాసులు పౌలును ప్రేమించి వెళ్లవద్దనిరి. అతడు తన పిలుపును ఎరిగి బయలుదేరినప్పుడు కోపముతో తలుపు వేసికొనలేదు. అతనితోకూడ ఒడ్డువరకు నడచి మోకరించిరి. స్నేహమనగా ఇదియే. స్నేహితుని క్షేమము కోరి ఒక మాట చెప్పవలెను. దేవుడతనిని ఒకచోట నిలిపియున్నాడని తెలిసినప్పుడు, అతని చేతులు బలపరచవలెను. ఏడవ దినపు సాయంకాలమున మేము నలుగురము ఇసుకలో మోకరించి, తెనాలిలో మమ్మును, ఆ తీరమున వారిని ఉపయోగించుమని ప్రభువును వేడుకొంటిమి. మోకాళ్లు నొచ్చినవి, లేచుటకు ఒకరికొకరము చేయి ఇచ్చుకొంటిమి. మరునాడు బాపట్లకు బస్సులో పోయి రైలెక్కి ఇల్లు చేరితిమి. మరల కలిసికొందుమో లేదో దేవునికి తెలియును.

సముద్రతీరపు ఇల్లు మరియొకటి లేఖనములలోనున్నది. యొప్పేలో పేతురు అనేక దినములు సీమోను అను చర్మకారుని యింట బసచేసెను. తోలుపని చేయువారిని లోకము ఎట్లు దూరముగానుంచినదో మన పెద్దలకు ఎవరును నేర్పనక్కరలేదు. అట్టి యింట అపొస్తలుడు భోజనము చేసి నిద్రించెను. ఆ యింటి మిద్దెమీదనే, దేవుడు పవిత్రము చేసినదానిని మనుష్యుడు నిషిద్ధమని యెంచరాదను దర్శనము అతనికి కలిగెను. అన్యజనులకు సువార్త ద్వారము తెరచుటకు దేవుడు అతిథికి తలుపు తెరచిన ఒక పేదవాని యింటిని వాడుకొనెను. కాబట్టి మా యిల్లు చిన్నది, మా వంట సామాన్యమైనదని ఎవరును సిగ్గుపడకుందురు గాక.

మన ప్రాంతపు చరిత్రలోను వృద్ధాప్యమునకు ఒక సాక్షి యున్నాడు. 1842లో గుంటూరునకు వచ్చి లూథరను సేవను ఆరంభించిన హయ్యరు అయ్యగారు తన దేశమునకు తిరిగిపోయిరి. రాజమండ్రి సేవాక్షేత్రము ఇతరుల చేతికి పోనున్నదని 1869లో విని, 76 ఏండ్ల వయస్సున మరల ఓడ ఎక్కి వచ్చిరి. అందరును ఓడ ఎక్కనక్కరలేదు. కొందరికి ఆ ప్రయాణము మూడు వీధుల అవతలనున్న మంచమువరకే. అక్కడ ఎవరో ఒకరు తలుపు వైపు చూచుచున్నారు.

కావున ఈ వేసవిలో, విశ్రాంతి పొందిన పెద్దలారా, మీ పాత స్నేహితుని జ్ఞాపకము తెచ్చుకొని వెళ్లి చూడుడి. అతిథిగా పోయినప్పుడు భారముగా నుండక, ఉన్నది తిని, రాత్రి ప్రార్థన నడిపించుడి. పెద్దలను చేర్చుకొను కుటుంబములారా, కుండలో నున్నదానినే సంతోషముగా వడ్డించుడి. యౌవనులారా, ఒంటరిగా ప్రయాణము చేయలేని మీ తాతను, అమ్మమ్మను చేయిపట్టి రైలెక్కించుడి. వారిని వారి స్నేహితుల యింట దింపి రండి. సంఘకాపరులారా, మీ సంఘములో ఎవరి తలుపు చాలకాలముగా ఎవరును తట్టలేదో విచారించుడి.

గలిలయ సముద్రతీరమున తెల్లవారుజామున నిప్పులు రాజేసి, అలసిన శిష్యులను భోజనమునకు పిలిచిన మన ప్రభువు మీ కలయికలన్నిటిలో నుండును గాక. మన చివరి దినములను సహవాసముతో నింపి, చిరిగిన వలలను బాగుచేయుటకు మన ముసలి చేతులను వాడుకొనును గాక. ఆమేన్.