ఉద్యమం రచయితను మింగుతుందా?

“ఉద్యమమంటూ తిరగకుండా కూర్చుని రాసి వుంటే ఆళ్వారుస్వామి ఇంకో నాలుగు నవలలు రాసేవాడు కద సార్?” అని చిలుకూరు విద్యార్థి ఒకడు నన్నడిగాడు. చాలాకాలం నేనూ అలా అనుకున్నవాణ్ణే. అందువల్ల వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

వట్టికోట ఆళ్వారుస్వామి మా పాత నల్లగొండ జిల్లావాడు. 1915లో నకిరేకల్ దగ్గరి చెరువు మాదారంలో పుట్టాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఒక ఉపాధ్యాయుని ఇంట వంటచేస్తూ చదువుకున్నాడు. హోటలులో సర్వరుగా పనిచేశాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాలు తానే మోసుకుపోయి ఇంటింటా అమ్మాడు. క్విట్ ఇండియా కాలంలోనూ, సాయుధపోరాట కాలంలోనూ జైలుకు వెళ్లాడు. ‘ప్రజల మనిషి’ 1955లో వెలువడింది. 1961లో ఆయన చనిపోయేనాటికి ‘గంగు’ పూర్తికాలేదు.

లెక్కకు చూస్తే నష్టమే. దాన్ని లాభమని బుకాయించడం అభ్యుదయం అనిపించుకోదు. రచయిత త్యాగి అయినంతమాత్రాన రచన గొప్పది కాదు. ‘ప్రజల మనిషి’లో పాత్రలు మాట్లాడడం మాని ఉపన్యసించే ఘట్టాలు ఉన్నవని నా అభిప్రాయం. ఆ మాట చెప్పకుండా దాచడం ఆయనకు గౌరవం కాదు.

అయితే ఆ ప్రశ్నలోనే ఒక పొరపాటున్నది. పాఠకుడు ముందే సిద్ధంగా ఉంటాడనీ, రచయిత చేయవలసింది రాయడమొక్కటేననీ అది అనుకుంటుంది. నిజాం రాజ్యంలో చదువు ఉర్దూలో సాగింది. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. తెలుగు పుస్తకం ఊరికి చేరడమే ఒక పోరాటం. అక్కడ నవల రాయడంకన్నా ముందు, నవల చదివే మనిషిని తయారుచేయవలసి వచ్చింది. ఆళ్వారుస్వామి చేసింది అదే. మోసిన గంప రాతకు అడ్డమైన బరువు కాదు. ఆ రాతకు పునాది.

మరొకటి. వెట్టిచేసేవాని బతుకును నవలకు వస్తువుగా తీసుకున్నవాడు అతనికి ఋణపడతాడు. పుస్తకం అచ్చువేసి, పట్టణంలో నలుగురి మెప్పు పొందితే ఆ ఋణం తీరుతుందా? తీరదని నేననుకుంటాను. ఎవరినుంచి తీసుకున్నామో వారి చేతికి అది తిరిగి చేరాలి. అందుకు అందరూ గంప ఎత్తనక్కరలేదు; కాని ఎవరో ఎత్తుతారులే అని ఊరుకునే హక్కు ఎవరికీ లేదు.

నేను జీతం తీసుకుని ‘ప్రజల మనిషి’ పాఠం చెబుతున్నాను. ఆ పుస్తకాన్ని కాలేజీ గేటు దాటించి ఒక్క ఇంటికైనా ఇంతవరకు తీసుకుపోలేదు. విద్యార్థికి మర్నాడు నేనిచ్చిన జవాబులో ఈ మాట కూడా చెప్పాను. అతడు పుస్తకం అడిగి, వాళ్ల వాడకు పట్టుకుపోయాడు.