బాల్యం, అధికారం: ధవళేశ్వరం బడి ముందుంచిన ప్రశ్న

శాస్త్రాధ్యయనం మొదలుపెట్టే ముందు అధికారి, విషయం, సంబంధం, ప్రయోజనం అనే నాలుగింటిని తేల్చుకోవాలని వేదాంత గ్రంథాలు చెబుతాయి. అనుబంధ చతుష్టయమని పిలిచే వీటిలో మొదటిదైన అధికారి అంటే ఆ విద్యను అందుకొనే అర్హత గలవాడు. ఆ అర్హత ఎక్కడి నుంచి వస్తుందన్న విషయంలో సంప్రదాయం ఒక్కమాట మీద నిలవలేదు. బ్రహ్మసూత్రాల్లోని అపశూద్రాధికరణం వేదవిద్యను పుట్టుకతో ముడిపెట్టింది. శంకరులు దానిని సమర్థిస్తూనే, ఇతిహాస పురాణాల ద్వారా జ్ఞానం నాలుగు వర్ణాలకూ అందుతుందని ఒప్పుకొన్నారు. ఛాందోగ్యంలో తండ్రి ఎవరో తెలియని సత్యకాముడు ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు గౌతముడు అతనిని శిష్యునిగా స్వీకరించాడు; అయితే అబ్రాహ్మణుడెవడూ ఇంత నిజం చెప్పలేడని ఆ గురువే అనడం వల్ల గుణం కాస్తా తిరిగి పుట్టుకకే సాక్ష్యమైపోయింది.

ఈ చర్చ అంతటిలోనూ అర్హత ముందు, విద్య తరువాత అన్న క్రమాన్ని ఎవరూ శంకించలేదు. వివేకం, వైరాగ్యం, శమదమాదులు, మోక్షకాంక్ష అనే సాధన చతుష్టయం బ్రహ్మజిజ్ఞాసకు పూనుకొన్న పెద్దవారికి తగిన కొలత కావచ్చు గాని, అక్షరాభ్యాసానికి వచ్చిన అయిదేళ్ల పిల్లలో ఆ నాలుగింటిలో ఒక్కటైనా వెతకడం వ్యర్థం. అర్హతను విద్యకు ముందే అడిగితే పసితనానికి బడే ఉండదు. అడగకుండా కొందరిని చేర్చుకొని కొందరిని ఆపితే, ఆ ఆపడానికి ఆధారం అర్హత కాదు, కులమో లింగమో మాత్రమే.

కందుకూరి వీరేశలింగం (1848–1919) ఈ వాదాన్ని సూత్రభాష్యాల రూపంలో రాయలేదు, బడి పెట్టి నడిపారు. గోదావరి ఆనకట్ట పుణ్యమా అని డెల్టా నీటిపారుదలకు ముఖద్వారమైన ధవళేశ్వరంలో ప్రధానోపాధ్యాయుడుగా ఉంటూ 1874లో ఆయన బాలికల పాఠశాలను ప్రారంభించారు. అదే సంవత్సరం ‘వివేకవర్ధని’ పత్రికను కూడా మొదలుపెట్టారు. స్త్రీవిద్యను వ్యతిరేకించిన కొక్కొండ వేంకటరత్నం పంతులుతో ఆయన సాగించిన వాదోపవాదాలు ఆనాటి పత్రికలకు మంచి మేతే అయ్యాయి. గమనించవలసింది కాలక్రమం: రాజమహేంద్రవరంలో ప్రార్థన సమాజం ఏర్పడింది 1878లో, మొదటి వితంతు వివాహం జరిగింది 1881 డిసెంబరులో. విగ్రహారాధన లేని ఏకేశ్వరోపాసనకు సంఘరూపం రావడానికి నాలుగేళ్ల ముందే బడి తలుపులు తెరుచుకొన్నాయి. అందువల్ల ఆ ఉపాసనను బోధించే బ్రహ్మమతమే ఆయనను సంస్కర్తను చేసిందన్న మామూలు మాటను కొంత సవరించుకోవాలి. పిల్లలందరూ నేర్చుకోగలరన్న అనుభవం ముందు కలిగి, మనుషులందరికీ తండ్రి ఒక్కడేనన్న విశ్వాసం ఆ అనుభవానికి తరువాత పునాదిగా దొరికిందనడమే ఎక్కువ సబబుగా తోస్తుంది.

వితంతు వివాహ విషయంలో పరాశరస్మృతి మీద ఆధారపడిన వీరేశలింగం పంతులు, బాలికావిద్యకు ముఖ్యంగా ప్రయోజనం మీద ఆధారపడ్డారు. ఆయన వాదంలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. 1883లో వెలువడిన ‘సత్యవతీ చరిత్రము’లోని నాయిక చదువు అత్తింటిని చక్కదిద్దడానికి పనికివస్తుంది; ‘సతీహితబోధిని’ పత్రిక పేరే ఆ చదువు ఎవరిని ఉద్దేశించినదో చెప్పకనే చెబుతుంది. అంటే అధికారం ఆడపిల్లకు దక్కింది గాని, అనుబంధ చతుష్టయంలో చివరిదైన ప్రయోజనం భర్త దగ్గరా, బిడ్డల దగ్గరా ఉండిపోయింది. కూతుళ్లను బడికి పంపడానికి తల్లిదండ్రులను ఒప్పించవలసిన కాలంలో అంతకన్న చెల్లే వాదం లేకపోయి ఉండవచ్చు. అయినా, తన కోసమే తాను చదువుకొనే బాలిక ఆ రచనల్లో అరుదు.

అధికార పరిధిని పెంచే పని తరువాతివారి చేతికి వచ్చింది. చిలకమర్తి లక్ష్మీనరసింహం 1909లో రాజమహేంద్రవరంలో దళిత బాలల కోసం రామమోహన రాయల పేర పాఠశాల స్థాపించారు. కాకినాడ పిఠాపురం రాజావారి కళాశాల ప్రిన్సిపాలుగా ఉన్న రఘుపతి వేంకటరత్నం నాయుడు స్త్రీలకు, దళిత విద్యార్థులకు అక్కడ ప్రవేశం కల్పించారు. ఈ ఇద్దరూ బ్రహ్మసమాజ ప్రభావంలోని వారే. ఈశ్వరుడు అందరిలో ఉన్నాడని ఒప్పుకొని కూడా పిల్లలను వేరు వేరు బల్లల మీద కూర్చోబెట్టడం అద్వైతికి సైతం సాధ్యమేనని, వ్యవహారం వేరు, పరమార్థం వేరు అన్న తర్కం అందుకు ఎంతో అనువుగా ఉంటుందని గుర్తుంచుకొంటే, తత్త్వాన్ని తరగతి గది దాకా నడిపించిన వీరి పట్టుదల విలువ తెలుస్తుంది.

అర్హతను ముందుగా అడిగే అలవాటు మరొక రూపంలో మిగిలే ఉంది. ఇంట్లో వినని, వీధిలో పలకని గ్రాంథిక భాష పట్టుబడిన తరువాతే బాలుడు భూగోళానికైనా చరిత్రకైనా అర్హుడవుతాడన్నది పాఠ్యపుస్తకాలు పెట్టిన షరతు. చిన్నయసూరి అసంపూర్ణంగా వదిలిన ‘నీతిచంద్రిక’కు విగ్రహాన్నీ సంధినీ ప్రౌఢశైలిలో చేర్చిన వీరేశలింగం ఆ షరతును నిలబెట్టినవారిలో ఒకరు. అటువంటి పంతులే 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలో గిడుగు రామమూర్తి ప్రభృతుల పూనికతో ఏర్పడిన వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షత వహించారు. ఆ మే 27న మద్రాసులో ఆయన కన్నుమూశారు; పాఠ్యపుస్తకాలు గ్రాంథికాన్ని వదలడానికి మరి కొన్ని దశాబ్దాలు పట్టింది.