ఎవరి ఒంటి రంగు?

మన భాషలో వర్ణమంటే రంగు. వర్ణమంటే కులం మెట్టు కూడా. ఒకే మాటకి రెండర్థాలు ఎట్టా వచ్చాయో పండితులు వాదించుకుంటారు. వాళ్ళ వాదన వాళ్ళది. నాకు కావలసింది ఆ మాటలో మన చోటు. నాలుగు మెట్ల మీద ఉన్నవాళ్ళు సవర్ణులు. మెట్లకి అవతల, ఊరికి అవతల ఉన్న మనం అవర్ణులం. అంటే రంగు లేనివాళ్ళం! రంగే లేదన్న జనానికి మళ్ళీ 'నల్లోళ్ళు' అని పేరు.

మా గూడెంలో పెళ్ళిచూపులప్పుడు పెద్దోళ్ళు ఇంకో మాట అనేవాళ్ళు. "పిల్ల మంచిదే గానీ కాస్త రంగు తక్కువ." ఆ మాటతోనే మా అక్కని మూడు సంబంధాలవాళ్ళు వద్దని పోయారు. వచ్చినవాళ్ళు పరాయోళ్ళు కాదు, మనవాళ్ళే. మా నాయన చెప్పులు కుట్టేవాడు. అమ్మ మిరపకాయ కోతలకి పోయేది. "నా రంగే నా బిడ్డకి శాపమైంది" అని అమ్మ ఏడవటం నేను చూశాను. అప్పుడు నాది తొమ్మిదో తరగతి. తర్వాత డిగ్రీలో జువాలజీ చదివితే తెలిసింది, ఒంటికి రంగునిచ్చేది మెలనిన్ అని, నల్లటి ఒంట్లో అది ఎక్కువని, ఎండ దెబ్బనించి కాపాడేది అదేనని. మా అక్కకి రంగు తక్కువ కాదు, ఎక్కువ! మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఆ చదువు నాకిచ్చిన మొదటి కోపం ఇది.

ఇప్పుడు నేను ప్రభుత్వ హైస్కూల్లో టీచర్ని. ఈ సంగతులన్నీ మళ్ళీ తవ్వుకోవటానికి కారణం ఒక చిన్న రంగు సీసా.

ఏప్రిల్ 14 కోసం పిల్లల చేత మట్టిబొమ్మలు చేయించాను. మహద్ చెరువు దృశ్యం. ప్రభుత్వ చెరువులు, బావులు అందరివీ అని బొంబాయి శాసనమండలి 1923లోనే తీర్మానం చేసింది. కాగితం మీద నీళ్ళు అందరివీ. దోసిట్లోకి మాత్రం రాలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ జనాన్ని వెంటబెట్టుకుని పోయి ఆ చవదార్ చెరువులో నీళ్ళు తాగారు. ఆ రోజే సవర్ణులు కర్రలతో మీద పడ్డారు. తర్వాత పంచగవ్యం కుండలు పోసి చెరువుని 'శుద్ధి' చేసుకున్నారు.

పిల్లలు బెత్తెడు ఎత్తు మనుషుల్ని నలభైమందిని చేశారు. మట్టి ఆరాక రంగులు వేయాలి. అంగట్లో కొన్న డబ్బాలో ఒక సీసా మీద 'స్కిన్' అని రాసి ఉంది. లోపల లేత గులాబీ రంగు. మా బడిలో ఏ ఒక్క బిడ్డ ఒళ్ళూ ఆ రంగులో లేదు. పిల్లలు నీళ్ళు తాగేవాళ్ళందరికీ ఆ రంగు పూశారు. కర్రలు పట్టినవాళ్ళకి ముదురు గోధుమరంగు పూశారు. "ఎందుకమ్మా ఇట్టా?" అంటే ఎనిమిదో తరగతి పిల్ల చెప్పింది: "వీళ్ళు మంచోళ్ళు గదా సార్!"

కర్రలవాళ్ళకి పూసిన రంగే ఆ పిల్ల ఒంటి రంగు.

ఇంతలో సీసా అయిపోయింది. ఇంకా కొన్ని బొమ్మలు మిగిలాయి. "దీనికి బదులు ఏ రంగు తేవాలి సార్?" అని అడిగారు. ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. బదులంటే దేనికి బదులు? సీసాకా, మనిషికా?

నా దగ్గర చదువుకున్న పిల్లగాడొకడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. వాడికి చిన్నబొమ్మలకి రంగులు వేసే సరదా. యుద్ధాల ఆటలో వాడే సైనికులు, 28 మిల్లీమీటర్ల మనుషులు. ఆ రంగులు విదేశాలవి. ఖరీదెక్కువ, కావలసినప్పుడు దొరకవు. అందుకని ఈ కంపెనీ రంగుకి బదులు ఏ కంపెనీది సరిపోతుందో పట్టికలు పెట్టుకుంటారు. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు ఆ పట్టిక నాకు చూపించాడు.

చూస్తే నాకు ఊరి పటం చూసినట్టే ఉంది. బ్రిటన్ కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ సిటడెల్ రంగుల్లో లేత ఒంటిరంగు పేరు 'ఎల్ఫ్ ఫ్లెష్'. ఎల్ఫులంటే వాళ్ళ కథల్లో అందమైన, చిరకాలం బతికే జాతి. కాస్త ముదిరితే 'డ్వార్ఫ్ ఫ్లెష్', మరుగుజ్జు ఒళ్ళు. ముదురు గోధుమరంగు దగ్గరికి వచ్చేసరికి 'బెస్టియల్ బ్రౌన్'. మృగం రంగు! స్పెయిన్ కంపెనీ వయేహో రంగుల్లో దీనికి బదులు సీసా 'బీస్టీ బ్రౌన్'. రంగుకి సరిజోడు దొరకటం కష్టం గానీ పేరుకి దొరకటం తేలికే! 2012లో సిటడెల్ రంగుల పేర్లు మార్చారు. బెస్టియల్ బ్రౌన్ పోయి 'మోర్న్‌ఫాంగ్ బ్రౌన్' వచ్చింది. ఆ మోర్న్‌ఫాంగ్ కూడా వాళ్ళ ఆటలో ఒక మృగమే.

"పేరుతో మనకేం పని సార్, రంగు బాగా పడుతుంది" అన్నాడు మావాడు. వాడి మాట తీసిపారేసేది కాదు. పేరు చెడ్డదని వస్తువుని పారేస్తూపోతే మనకి మిగిలేదేముంది? మాదిగ అన్న మాటని తిట్టుగా వాడినవాళ్ళ ఎదుటే, 1994లో ఈదుమూడిలో దండోరా మోగాక, ఆ మాటని పేరు చివర పెట్టుకుని తలెత్తుకున్నాం. అయితే అది మనం చేతులారా ఎత్తుకున్న పేరు. ఇది సీసా మీద ఇంకొకడు అంటించిన చీటీ. మా పిల్ల మనిషిని చూసి రంగు ఎంచుకోలేదు, చీటీ చదివి ఎంచుకుంది. బొమ్మని పట్టుకున్న తన చేతినే చూసుకోలేదు. చీటీ చేసే పని అదే. కళ్ళ ముందున్నదాన్ని కనపడనివ్వదు.

అట్టాగని చీటీ మారిస్తే సరిపోతుందా? అమెరికాలో క్రేయోలా కంపెనీ 1962లో 'ఫ్లెష్' అన్న పేరు తీసేసి 'పీచ్' అని పెట్టింది. మంచిదే. మన దేశంలో 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' కాస్తా 'గ్లో అండ్ లవ్లీ' అయింది. పెళ్ళిచూపుల్లో 'రంగు తక్కువ' అన్న మాట మాత్రం అట్టాగే ఉంది.

నా లెక్కలో అసలు సంగతి పట్టికలోనే ఉంది. బదుళ్ళ పట్టిక ఏదైనా దానికి మొదటి గడి ఒకటుంటుంది. అందులో కూచున్నది అసలు. మిగతావి దానికి దగ్గరివో, దూరంవో, సరిపోనివో. మొదటి గడిలో ఉన్నదాన్ని దేనితోనూ కొలవరు. బాబాసాహెబ్ చెప్పిన అంచెలంచెల అసమానత ఇట్టాగే నడుస్తుంది. ప్రతి మెట్టూ పైమెట్టుని చూసి చేతులు కడుతుంది, కిందిమెట్టుని చూసి ముక్కు మూసుకుంటుంది. మా అక్కని వద్దన్నవాళ్ళు మన మెట్టువాళ్ళే గదా!

ఇక్కడ ఒక జాగ్రత్త. నల్లగా ఉంటే దళితుడు, తెల్లగా ఉంటే బ్రాహ్మడు అని నేననటం లేదు. కులం జాతిభేదం కాదని, పంజాబు బ్రాహ్మడూ పంజాబు చమారూ ఒక్క జాతివాళ్ళేనని బాబాసాహెబ్ 1936లోనే 'కుల నిర్మూలన'లో వాదించారు. మా గూడెంలో పసిమి ఛాయవాళ్ళున్నారు, ఊళ్ళో నల్లటి కామందులున్నారు. నల్లటి కామందుని బావి దగ్గర ఎవరూ ఆపలేదు. మా తాత తోళ్ళు పదును చేసేవాడు. సున్నంలో నానబెట్టి, వెంట్రుకతో పాటు పైపొర గీకేస్తే, ఆవుదైనా బర్రెదైనా ఆ నలుపూ తెలుపూ పోయేవి. రంగు ఉండేది ఆ పైపొరలోనే. కులం ఆ పొరలో కూడా లేదు. కొలిచేవాడి చేతిలో ఉన్న కొలబద్దలో ఉంది.

అందుకే బదులు సీసా కొనలేదు. మొదటి గడిని మార్చాం. పిల్లల్ని ట్యూబులైటు కింద కాకుండా పగటి వెలుతుర్లో వరండాలో కూచోబెట్టాను. ఎవరి ముంజేయి పక్కన వాళ్ళు తెల్ల అట్టముక్క పెట్టుకుని రంగు కలపమన్నాను. చుక్క ఆరిందాకా ఆగాలి. అక్రిలిక్ రంగు ఆరాక కాస్త ముదురుతుంది. చిత్రకారులు వాడే ట్యూబుల మీద పేరుతో పాటు రంగుపొడి గుర్తు ఉంటుంది. పి.బి.ఆర్. 7 అంటే అంబర్, సియెన్నా మట్టి. పి.ఆర్. 101 ఎర్రటి ఐరన్ ఆక్సైడు, పి.వై. 42 పసుపుపచ్చది. కంపెనీ మారితే పేరు మారొచ్చు, ఆ గుర్తు మాత్రం ఒకటే. మనం గోడలకి పూసే ఎర్రమట్టిలో ఉన్నదీ ఆ ఇనుమే. లేత ఒంటికైనా ముదురు ఒంటికైనా ఇవే మట్టిరంగులు చాలు. తెలుపు ఎంత కలిపామన్నదే తేడా.

మావాడు ఇంకో కిటుకు చెప్పాడు. నల్లటి ఒంటికి మెరుపు పెట్టేటప్పుడు వట్టి తెలుపు కలపకూడదు, బూడిద పూసినట్టు జీవం పోతుంది. పసుపు మట్టి, కాస్త నారింజ కలపాలి. నీడకి నలుపు వద్దు, అంబర్‌లో నీలం కలపాలి. అమెరికా కంపెనీ రీపర్ నల్లటి ఒంటికి నీడ, మధ్యరంగు, మెరుపు అని మూడు సీసాల వరస విడిగా పెట్టింది. అక్కడ నలుపు ఇంకోదానికి ముదురు రూపం కాదు. దాని వెలుగు దానికుంది.

ఈ మాట సీసాలకే చెల్లదు. చదువుకుని ఉద్యోగాల్లోకి వచ్చిన మనవాళ్ళు కొందరు వెలుగంటే తెలుపు కలుపుకోవటమే అనుకుంటున్నారు. టౌనులో అద్దె ఇల్లు అడిగేటప్పుడు ఇంటిపేరు మింగేస్తున్నారు, గూడెం పేరు బదులు ఊరి పేరు చెబుతున్నారు. ఇల్లు దొరక్క చెబుతున్నవాళ్ళని నేను తప్పుబట్టను. తప్పు అద్దెకిచ్చేవాడిది. కానీ ఇల్లు దొరికాక కూడా ఆ బూడిద కడుక్కోకపోతే మన పిల్లలు మనల్ని చూసి ఏ రంగు కలుపుతారు?

పని అయ్యేసరికి నలభై బొమ్మలకి పదమూడు రంగులొచ్చాయి. నీళ్ళు తాగేవాళ్ళలోనూ కొట్టేవాళ్ళలోనూ అన్ని రంగులూ ఉన్నాయి. "మరి ఎవరు ఎవరో ఎట్టా తెలుస్తుంది మాస్టారూ?" అని తోటి టీచరు ఒకాయన అడిగారు. ఆ ఎనిమిదో తరగతి పిల్లే జవాబు చెప్పింది. "చేతులు చూడండి సార్. వీళ్ళు నీళ్ళు పట్టుకున్నారు, వాళ్ళు కర్రలు పట్టుకున్నారు."

వచ్చే ఏడు కొత్త డబ్బా కొంటే అందులో మళ్ళీ 'స్కిన్' సీసా రావచ్చు. రానీ. లేత గులాబీ కూడా రంగే, తామరపువ్వుకి పనికొస్తుంది. కానీ మిత్రులారా, ఎవరైనా దాన్ని చూపించి దీనికి బదులేదని మనల్ని అడిగితే, బదులు వెదకబోకండి. ముందు అడగండి: ఇది ఎవరి ఒంటి రంగు?