మొదట తల్లి

శుక్రవారము ప్రొద్దున మన యిండ్ల వినవచ్చు లలితాసహస్రనామము, హయగ్రీవుఁడు అగస్త్యునకు ఉపదేశించెనని చెప్పఁబడు ఆ స్తోత్రము, దేవిని ముందుగా తల్లి యని పిలిచి, ఆ పిదపనే మహారాజ్ఞి యనియు, సింహాసనేశ్వరి యనియు కీర్తించును. మొదట తల్లి, తరువాతనే రాణి.

బడినుండి వచ్చిన బిడ్డ గడప దాఁటకమునుపే అమ్మను కేకవేయును. ఏమి కావలయునో పిదప చెప్పును. స్తోత్రపు నడకయు నట్టిదే. ఆభరణములు, ఆయుధములు, భండాసురవధ, వేదాంతరహస్యములు అన్నియు నడుమ వచ్చును. కడపటి నామము మరల అంబిక యనియే పలుకును. రాణిని వేడుకొనుటకు భయము చాలును, తల్లిని పిలుచుటకు చనువు కావలయును. మొదట తల్లి, కడపటను తల్లి.