పలక క్రింది నేల



గడచిన వేసవిలో ఎర్రగడ్డలోని మా బంధువుల యింట నాలుగు దినములుంటిని. ముందుగదిలో పింగాణీ పలకలు పరచు పని మొదలయ్యెను. మేస్త్రి పలకల పెట్టెలు విప్పనేలేదు. పాత కాంక్రీటుపై ఉలితో గాట్లు పెట్టించెను. దుమ్ము ఊడ్పించి కడిగించెను. నీటి గొట్టముతో మట్టము చూచి దారము కట్టెను. ఒక మూల తట్టగా గుల్లగా మ్రోగెను. త్రవ్వి చూడగా క్రింద నల్లరేగడి! అది వానకు ఉబ్బును, ఎండకు కృంగును. పైపలక ఎంత ఖరీదైనదైనను పగులును. దానిని తీయించి, మొరము పొరలుగా పోసి, నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టించెను. పైన క్రొత్త కాంక్రీటు వేసి, ఏడు దినములు తడిపి ఆరనియ్యవలెననెను.

ఇంటివారు విసిగి, “అడుగున ఏమున్నదో ఎవరు చూడవచ్చెదరు, మేస్త్రీ?” అనిరి.

“వద్దన్నచో మానెదను. పగిలిన నాడు మాత్రము మేస్త్రి పని చెడ్డదనకండి” అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. మేస్త్రి చెప్పకుండ అడుగుపని ఎగవేసినచో అది దొంగతనమే; ఇంటివాడు బ్రదికినంతకాలము పలక పగులకపోయినను దొంగతనమే, ఏలయనగా అతడు డబ్బిచ్చినది నేలకు గాని పైమెరుపుకు కాదు. ఇంతవరకు సులభమే. కాని తొందరపెట్టి మానిపించినవాడు ఇంటివాడైనచో?

మెదకు గుడికి మనలో పలువురు వెళ్లియున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ ఆలయపు నేలపలకలు బ్రిటనునుండి వచ్చినవి. ఆ రంగులను పొగడుదుము. ఆ పలకల క్రింద దిమ్మిస కొట్టిన కూలివారు ఎవరని మనలో ఎవరమైనను అడిగితిమా?

మన ప్రార్థనాలయపు నేల సంగతి మీకు తెలియును. బల్లయొద్ద పలకలు రెండవ వర్షాకాలమునకే లేచినవి. మేస్త్రి మోసము చేసెనని సంఘములో బాహాటముగా అనుకొంటిరి. ఆయనకు ఊరిలో పని తగ్గెను. ఆయన నన్ను పదిదినములు గడువడిగిన మాట మీకెవరికిని తెలియదు. క్రిస్మసుకు పని ముగియవలెనని, అడుగు తడి ఆరకమునుపే పరపించినవాడను నేనే. రెండేండ్లు ఊరకుంటిని. ఎవరును అడుగలేదు గనుక చెప్పలేదని నాకు నేనే చెప్పుకొంటిని.

సంఘపెద్దలకు చెప్పితిని. నింద బహిరంగముగా పడినది గనుక ఇక్కడను వ్రాయుచున్నాను. పోయిన శనివారము ఆయన యింటికి వెళ్లితిని. చాలసేపు మాటాడలేదు. పిమ్మట, పలకలు తీసి మరల పరచుటకు ఒప్పుకొని, “ఈసారి ఎన్ని దినములిచ్చెదరు, అయ్యగారూ?” అని అడిగెను.